చమురు తవ్వాలా, వదిలేయాలా: ఒక్కో చోటునీ తూచి చూసే పద్ధతి

మా అక్క కూతురు ఇక్కడే చెన్నైలో, తాంబరం దగ్గర ఇంజినీరింగ్ చదువుతోంది. పోయిన నెల ఒక రాత్రి పదింటికి ఫోన్ చేసి, "పిన్నీ, రేపు కాలేజీలో డిబేటు, అలాస్కాలో అడవి జంతువుల కోసం వదిలేసిన చోట చమురు తవ్వొచ్చా లేదా అని, నాకు ఏ వైపు ఇస్తారో తెలీదు, రెండు వైపులా పాయింట్లు చెప్పు" అంది. చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. దేశానికి చమురు కావాలి, ప్రకృతిని కాపాడుకోవాలి, ఈ రెండూ ఎవరైనా చెప్తారు, రెండూ నిజాలే, అందుకే వాటితో వాదిస్తే తెల్లారేదాకా వాదించినా ఏదీ తేలదు. తేలాలంటే ఒక చోటు పేరు గట్టిగా పట్టుకోవాలి. అక్కడ ఎంత చమురుంది, ఆ చోటు ఏ ప్రాణికి ఏ పనికొస్తోంది, తేడా వస్తే ఎవరి నెత్తిన పడుతుంది, ఇలా అడుక్కుంటూ పోవాలి.

నేను పుట్టింది కోనసీమలో, ఇరవై ఏళ్లుగా ఉంటున్నది చెన్నై పెరంబూరులో. చిన్నప్పుడు గ్యాస్ మంటలు చూస్తూ పెరిగాను, ఇప్పుడు జనవరి నుంచి మార్చి దాకా వీలైన రాత్రుళ్లు తాబేళ్ల గూళ్ల కోసం బీచ్‌లో నడుస్తాను. మా బాబాయి రిగ్గుల మీద పనిచేసి రిటైరయ్యాడు. కాబట్టి కింద రాసేదాంట్లో రెండు వైపుల మాటలూ ఉంటాయి, కానీ నేను మధ్యలో నిలబడి మాట్లాడుతున్నానని అనుకోకండి, నా మొగ్గు ఎటో చదువుతుంటే తెలుస్తుంది.

ముందు బ్యారెళ్లని రోజుల్లోకి మార్చండి

"వందల కోట్ల బ్యారెళ్లు" అని వినగానే మన బుర్ర పనిచేయడం మానేస్తుంది. అలాస్కా సంగతే చూడండి. ఆ చోటు పేరు ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్, అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ కాలంలో 1960లో మొదటిసారి రక్షణ ఇచ్చారు, 1980లో పెద్దది చేశారు. మొత్తం 1.9 కోట్ల ఎకరాల పైమాటే. గొడవంతా అందులో సముద్రం పక్కనున్న 15 లక్షల ఎకరాల తీర మైదానం గురించే. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1998లో వేసిన అంచనా ప్రకారం అక్కడా, దాన్ని ఆనుకుని ఉన్న చోట్లా కలిపి వెలికి తీయగలిగే చమురు 570 కోట్ల నుంచి 1,600 కోట్ల బ్యారెళ్ల మధ్య ఉంటుంది, సగటున 1,040 కోట్లు.

ఇప్పుడు భాగించండి. ప్రపంచం రోజుకి 10 కోట్ల బ్యారెళ్లకు పైనే వాడుతోంది. అంటే ఆ చమురంతా కలిపి ప్రపంచానికి మహా అయితే నూట నాలుగు రోజులు. అదే మన దేశం ఒక్కటే వాడుకుంటే, రోజుకి 50 లక్షల బ్యారెళ్లకు పైనే కాబట్టి, ఐదేళ్లకు పైన. చూశారా, అదే అంకె ఒక చోట చిన్నగా, ఒక చోట పెద్దగా కనిపిస్తుంది. వాదించేవాళ్లు తమకు కలిసొచ్చే భాగహారమే చూపిస్తారు, అందుకే రెండూ మీరే చేసుకోండి. నా మటుకు నేను ప్రపంచం లెక్కే పట్టుకుంటాను, ఎందుకంటే ముడి చమురు ఎక్కడ తవ్వినా ధర ప్రపంచ మార్కెట్‌లోనే తేలుతుంది, మా ఊళ్లో తవ్వారని మా ఊరి బంకులో పెట్రోలు రూపాయి తగ్గడం నేనెప్పుడూ చూడలేదు. మన దేశం ముడి చమురులో 85 శాతానికి పైగా బయట నుంచే కొంటోంది, అది నిజంగా బరువైన వాదనే, దిగుమతి బిల్లు తగ్గితే దేశానికి మంచిదే. అయితే మీ ముందున్న ఆ ఒక్క బావి ఆ 85ని ఎంత తగ్గిస్తుందో అడగండి. చాలాసార్లు జవాబు దశాంశ బిందువు తర్వాతే మొదలవుతుంది.

ఇంకోటి, ఆ అంచనా ఏ రకం అంచనానో చూడండి. బాబాయి దగ్గర నేర్చుకున్నదిది. "భూమిలో ఉన్నది వేరమ్మా, పైకి తీయగలిగేది వేరు, లాభానికి తీయగలిగేది వేరు" అనేవాడు. పేపర్లో మొదటి అంకె వేస్తారు, కంపెనీ పెట్టుబడి పెట్టేది మూడో అంకె చూసి. అలాస్కాలో ఇదే బయటపడింది. 2017లో చట్టం మార్చి తీర మైదానాన్ని లీజులకు తెరిచారు, 2021 జనవరిలో మొదటి వేలం పెడితే పెద్ద చమురు కంపెనీ ఒక్కటీ రాలేదు, వచ్చింది మొత్తం 1.44 కోట్ల డాలర్లు, అందులో ఎక్కువ భాగం అలాస్కా రాష్ట్రానికి చెందిన కార్పొరేషనే పాడుకుంది. 2025 జనవరిలో రెండో వేలానికి ఒక్క పాట కూడా రాలేదు. అదే ఏడాది మళ్లీ చట్టం చేసి, పదేళ్లలో ఇంకో నాలుగు వేలాలు పెట్టాలన్నారు. అంటే కొనేవాడు వెనకాడుతుంటే అమ్మేవాళ్లు తొందరపడుతున్నారు. మీ ముందున్న ప్రతిపాదనలో కూడా ఆ తొందర ఎవరిదో గమనించండి. లీజు ఇచ్చిన రోజు నుంచి చమురు గొట్టంలోకి రావడానికి అలాంటి చోట్ల దాదాపు పదేళ్లు పడుతుంది, కాబట్టి ఈ ఏడాది పెట్రోలు ధర గురించి మాట్లాడేవాళ్లని ఆ పదేళ్ల సంగతి అడగాలి.

ఆ చోటు ఏం పని చేస్తోంది?

నా దృష్టిలో మొత్తం తూకంలో బరువైన ప్రశ్న ఇదే. "ఎన్ని జంతువులున్నాయి" అని అడిగితే జాబితా ఇస్తారు, జాబితా చూసి ఏమీ తెలీదు. "ఈ చోటు ఏ ప్రాణి బతుకులో ఏ పని చేస్తోంది, ఆ పని చేయగలిగే చోటు ఇంకోటి ఉందా" అని అడగండి.

అలాస్కా తీర మైదానం ఒక ప్రసూతి గది. పోర్క్యుపైన్ మంద అని పిలిచే కారిబూలు, మన దుప్పుల వంశమే, 2017 లెక్కలో దాదాపు 2,18,000 తేలాయి. కెనడా వైపు నుంచి వందల మైళ్లు నడిచి మే నెలాఖరు, జూన్ మొదటికి అక్కడికి చేరి ఈనుతాయి. ఎందుకక్కడే అంటే, అప్పుడే మొలిచిన లేత గడ్డి ఉంటుంది, తోడేళ్లు ఎలుగులు కొండల వైపు ఎక్కువ, ఇక్కడ తక్కువ, పైగా ఎండలు ముదిరి దోమలు లేచినప్పుడు సముద్రపు గాలి కాస్త ఊరటనిస్తుంది. ఏడాదిలో అది కొన్ని వారాల పనే. కానీ ఆ వారాలు చెడితే ఆ ఏడాది దూడలు లేవు. అక్కడి గ్విచిన్ ప్రజలు ఆ నేలని జీవం మొదలయ్యే పవిత్ర స్థలం అంటారు, వాళ్ల తిండీ బట్టా ఆ మంద చుట్టూనే తిరిగాయి.

ఇక్కడ అవతలి వాదన కూడా నిజాయితీగా పెట్టాలి, నేను మా పిల్లకి పెట్టాను. పక్కనే ప్రూడో బేలో 1968లో చమురు దొరికింది, 1977 నుంచి 800 మైళ్ల గొట్టంలో పారుతోంది, ఆ చుట్టుపక్కల ఉండే సెంట్రల్ ఆర్కిటిక్ మంద 1970ల్లో ఐదువేల చిల్లర ఉండేది 2010 నాటికి అరవై వేలు దాటింది. "చూడండి, బావులున్నా పెరిగాయి" అంటారు. నిజమే, పెరిగాయి, ఆ తర్వాత తగ్గాయి కూడా. కానీ అదే మందలో దూడలున్న తల్లులు రోడ్లకీ కట్టడాలకీ కొన్ని కిలోమీటర్ల దూరంలో ఉంటున్నాయని పరిశోధకులు చూశారు. ప్రూడో బే దగ్గర మైదానం వెడల్పు, పక్కకి జరగడానికి చోటుంది. రెఫ్యూజ్ దగ్గర కొండలు సముద్రానికి దగ్గరగా వచ్చేస్తాయి, మైదానం ఇరుకు. జరిగితే ఎక్కడికి జరగాలి? తోడేళ్లున్న కొండల వైపుకే. ఒక చోట నడిచిందని ఇంకో చోటుకి ఆ ఉదాహరణ తెచ్చేటప్పుడు ఇలాంటి తేడాలే చూడాలి.

ఇదే ప్రశ్న మన దగ్గర వేసి చూద్దాం. బెసంట్ నగర్ నుంచి నీలాంకరై దాకా ఉన్న ఇసుక ఆలివ్ రిడ్లే తాబేళ్లకి గుడ్లు పెట్టే చోటు, విద్యార్థుల బృందం ఒకటి 1988 నుంచి అక్కడ రాత్రుళ్లు నడిచి గుడ్లు సేకరించి కంచె వేసిన చోట పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతోంది. ఒక మార్చి రాత్రి మా కంట పడని గూడు ఒకటి పొదిగింది. మేం వెళ్లేసరికి పిల్లలు, ఒక్కోటి నా బొటనవేలికి కాస్త పెద్దవి, సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పాకుతున్నాయి. ఇసుక మీద వాటి జాడలు సన్నటి జడల్లా, అన్నీ వీధి దీపాల వైపే. పుట్టగానే వెలుతురున్న వైపు సముద్రం అనుకుంటాయవి, లక్షల ఏళ్లుగా రాత్రి పూట వెలుతురుగా కనిపించేది నీళ్లే మరి. ఇరవై ఏడింటిని నా చున్నీలో ఏరుకుని నీటి దగ్గరికి తీసుకెళ్లాం, మిగతావి ఎటు పోయాయో తెలీదు. ఆ రాత్రి నుంచి తీరం దగ్గర గ్యాస్ మంట, రిగ్గు మీద ఫ్లడ్ లైట్లు అని ఎక్కడ చదివినా నాకు ఆ జాడలే కనిపిస్తాయి.

పులికాట్ కూడా అంతే. సూళ్లూరుపేట వైపు ఎవరైనా చుట్టాలుంటే డిసెంబరు, జనవరిల్లో ఒకసారి లోకల్ ట్రైన్ ఎక్కి వెళ్లి చూడండి. మన దేశంలో చిలికా తర్వాత పెద్ద ఉప్పునీటి సరస్సు అది. అక్కడి లోతు తక్కువ నీళ్లలో ఫ్లెమింగోలు ముక్కులు తలకిందులుగా పెట్టి మేస్తుంటాయి, పక్కనే నేలపట్టు చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి. గూళ్లు ఒక చోట, చేపలు ఇంకో చోట, ఈ రెండూ కలిస్తేనే ఆ పక్షి బతుకు. గూడున్న చెట్టు ముట్టుకోకుండా చేపలున్న నీటిని పాడుచేస్తే కాగితం మీద అభయారణ్యం క్షేమంగానే ఉంటుంది, పిల్లలు మాత్రం ఆకలికి చస్తాయి.

ఒక పక్కమాట. చమురునే దోషిని చేసి కూర్చోకండి. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల తాబేళ్లు చచ్చి కొట్టుకొచ్చాయి, అది చమురు వల్ల కాదు, ట్రాల్ వలల్లో చిక్కుకుని ఊపిరాడక. అంటే ఆ ప్రాణి మీద ఇప్పటికే ఒక బరువుంది. కొత్త బావిని తూచేటప్పుడు దాన్ని ఖాళీ తక్కెడలో పెట్టకూడదు, ఆ బరువు మీద కలిపి చూడాలి.

ఎకరాల లెక్క జాగ్రత్తగా చదవండి

"మేం వాడేది చాలా తక్కువ స్థలమే" అని ప్రతి ప్రతిపాదనలోనూ ఉంటుంది. 2017 అమెరికా చట్టంలో కూడా కట్టడాలు 2,000 ఎకరాలు మించకూడదని రాశారు. వినడానికి బాగుంది. కానీ గొట్టపు లైన్ ఉంటే దాని కింద స్తంభం నేలకి తగిలిన మేరే లెక్క, స్తంభానికీ స్తంభానికీ మధ్య లైన్ ఎంత పొడవున్నా లెక్కలోకి రాదు. ఆ 2,000 ఎకరాలూ ఒకే చోట ఉండాలని కూడా లేదు. చెదురుమదురుగా వేసి మధ్యలో రోడ్లూ లైన్లూ కలిపితే జంతువుకి కనిపించేది పెద్ద వల.

తవ్వకముందే జరిగే నష్టం ఒకటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. చమురు ఎక్కడుందో తెలుసుకోవడానికి సైస్మిక్ సర్వే చేస్తారు, నేలని అదిలించి ప్రతిధ్వని వింటారు. రెఫ్యూజ్‌లో 1984, 85 చలికాలాల్లో బండ్లు తిరిగిన జాడలు దశాబ్దాల తర్వాత కూడా ఆ నేల మీద కనిపించాయి, గడ్డకట్టిన నేల పై పొర ఒకసారి నలిగితే అంత త్వరగా కోలుకోదు. కెనడా అడవుల్లో సర్వే కోసం చెట్లు కొట్టి తీసిన సన్నటి దారులు తోడేళ్లకి రోడ్లయ్యాయి. ఇదివరకు చెట్ల మధ్య తంటాలు పడి వెళ్లే తోడేలు ఇప్పుడు ఆ దారిలో సులువుగా నడిచి కారిబూని పట్టుకుంటోంది. ఆ దారి విస్తీర్ణం కాగితం మీద ఎంతని? ఏమీ కాదు.

మంచి మాట కూడా చెప్పాలి, టెక్నాలజీ నిజంగానే మెరుగైంది. ఇప్పుడు బావిని ఏటవాలుగా కొన్ని కిలోమీటర్లు తీసుకెళ్లి, అడవి బయట నిలబడి అడవి కింది చమురు తీయగలరు. ఒకే అరుగు మీద నుంచి చాలా బావులు వేస్తారు. మా బాబాయి దీని గురించి గర్వంగా చెప్పేవాడు, ఆ గర్వంలో తప్పేం లేదు. బయట నుంచి తీయగలిగితే లోపలికి ఎందుకొస్తున్నారు అని అడగడానికి ఇదే మనకి దొరికిన మంచి ఆయుధం. "ఖర్చెక్కువ" అంటే, ఎంత ఎక్కువో అంకె చెప్పమనండి.

తేడా వస్తే?

1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలింది. 65 రోజులు మండింది. మా ఊరు అక్కడికి కొన్ని కిలోమీటర్లే. నాకు గుర్తున్నది ఒక్కటే, రాత్రి పడుకుంటే కిటికీ ఊచల నీడ ఎదుటి గోడ మీద ఆడుతూ ఉండేది, మా నాయనమ్మ తలుపేసేసినా సందుల్లోంచి ఆ ఎర్ర వెలుతురు వచ్చేది. పక్షులు రాత్రంతా అరిచేవి. కోనసీమలో ఇప్పటికీ "బ్లోఅవుట్" అంటే అర్థం అడిగేవాళ్లు లేరు, అది మా దగ్గర తెలుగు మాటే.

బాబాయిని అడిగితే విషయం సులువుగా చెప్పాడు. బావిలో పోసే బురద బరువు కింది నుంచి తన్నుకొచ్చే గ్యాస్ ఒత్తిడిని అణచిపెట్టాలి. బురద తేలికైతే గ్యాస్ ఎగదన్నుతుంది, అప్పుడు బావి నోటి మీదున్న బీఓపీ, అంటే బ్లోఅవుట్ కాకుండా ఆపే పెద్ద వాల్వు, మూసేయాలి. "వందసార్లు మూస్తాం, ఏమీ కాదు. నూట ఒకటోసారి ఆలస్యమైతే అదే అమ్మా" అన్నాడు. అందుకే ప్రమాదం జరుగుతుందా లేదా అని కాకుండా, జరిగితే పక్కన ఏముంది అని అడగాలి. కొబ్బరి తోట కాలితే కొన్నేళ్లకి మళ్లీ వేసుకోవచ్చు, ఆ కొన్నేళ్లు రైతుకి డబ్బిస్తే అతను నిలబడతాడు. మడ అడవి అయితే?

2020 మే 27న అస్సాంలోని బాఘ్‌జాన్‌లో గ్యాస్ బావి అదుపు తప్పింది. జూన్ 9న అంటుకుంది, ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు, పూర్తిగా ఆర్పేసరికి నవంబరు 15. పక్కనే దిబ్రూ-సైఖోవా జాతీయ పార్కు, మాగురి-మోటాపుంగ్ చిత్తడి నేల. గుర్తుంచుకోవాల్సింది ఏంటంటే అది కొత్తగా తవ్వుతున్న బావి కాదు, ఏళ్లుగా గ్యాస్ ఇస్తున్న బావి, రిపేరు పని జరుగుతుండగా పేలింది. కాబట్టి "తవ్వకం మూడు నెలల్లో అయిపోతుంది, ఆ తర్వాత ఏ రిస్కూ లేదు" అన్న మాట ఎవరైనా చెప్తే ఈ తేదీలు వాళ్ల ముందు పెట్టండి.

చెన్నైలో ఉన్నవాళ్లకి ఎన్నూరు చాలు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వరదతో పాటు చమురు అక్కడి క్రీక్‌లోకి, అంటే సముద్రపు పాయలోకి, వచ్చింది. నేను ఆ తర్వాతి వారం వెళ్లాను. మడ చెట్ల వేళ్ల మీద ఒకే ఎత్తులో నల్లటి గీత, స్కేలు పెట్టి గీసినట్టు, నీళ్లు ఎక్కడిదాకా లేచాయో అక్కడిదాకా. మత్స్యకారులు పడవల్లో కూర్చుని మగ్గులతో చమురు తోడి డ్రమ్ముల్లో పోస్తున్నారు. 2017 జనవరిలో అక్కడే సముద్రంలో రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు కూడా జనం బకెట్లతోనే తోడారు. ఒక గూడబాతు ఒడ్డున నిలబడి రెక్క ముక్కుతో దువ్వుకుంటోంది, దువ్వేకొద్దీ ఆ నలుపు ముక్కుకీ మెడకీ అంటుకుంటోంది. దువ్వుకున్న చమురంతా దాని కడుపులోకే కదా పోయేది. అందుకే ప్రతిపాదన కాగితంలో నేను మొదట తిప్పే పేజీ విపత్తు ప్రణాళిక. చమురు ఆపే తేలుడు కంచెలు ఎక్కడ ఉంచుతారు, ఎన్ని గంటల్లో వస్తాయి, పక్షుల్ని శుభ్రం చేసే మనిషి ఎవరు. "సంబంధిత శాఖల సమన్వయంతో" అని మాత్రమే రాసి ఉంటే అక్కడ ప్లాన్ లేదనే అర్థం.

మనుషుల్ని ఒకే గంపలో వేయకండి

"స్థానికులు వద్దంటున్నారు", "స్థానికులు కావాలంటున్నారు", రెండూ వింటాం. అలాస్కాలో గ్విచిన్ ప్రజలు వద్దంటారు, తీరంలోనే ఉన్న కాక్టోవిక్ ఊళ్లో ఇన్యుపియాట్ ప్రజల్లో చాలామంది కావాలంటారు, వాళ్లకి బడి, ఆసుపత్రి, మంచినీళ్లు చమురు పన్ను డబ్బుతోనే వచ్చాయి. ఎవరిదీ అబద్ధం కాదు. మా ఇంట్లో కూడా బాబాయి జీతంతోనే ఇద్దరు పిల్లలు చదువుకున్నారు. కాబట్టి ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఎన్నాళ్లు అని విడివిడిగా రాసుకోండి. కంపెనీలో రోజుకూలీ ఎన్ని నెలలు, చేపల వేట ఎన్ని తరాలు. మన దగ్గర నేల మీద బావి రాయల్టీ రాష్ట్రానికి వెళ్తుంది, సముద్రంలో బావిదైతే కేంద్రానికి. ఒడ్డున ఉన్న ఊరికి ఏం మిగులుతుందో అడగడం మొరటుతనం కాదు.

తవ్వకుండా వదిలేస్తే వచ్చే నష్టాన్ని ఎవరు భరిస్తారన్న ప్రశ్న కూడా ఉంది, అది మన వైపు వాళ్లు తప్పించుకునే ప్రశ్న. ఈక్వడార్ దాన్ని నేరుగా అడిగింది. యాసుని అడవి కింద చమురుంది, మేం తీయం, దాని విలువలో సగం, 360 కోట్ల డాలర్లు ప్రపంచం మాకివ్వండి అని 2007లో అంది. వచ్చింది దాదాపు 1.3 కోట్లు. 2013లో ఆ ఆలోచన వదిలేసి తవ్వకానికి వెళ్లారు. 2023 ఆగస్టు 20న ప్రజల్నే ఓటు అడిగితే 59 శాతం దాకా ఆపేయమన్నారు, ఆదాయం పోతుందని తెలిసీ. పేద దేశంలో ప్రజలు అలా తేల్చారంటే, "పేదవాళ్లకి అడవి అక్కర్లేదు" అని మన తరఫున మాట్లాడేవాళ్లని నమ్మనక్కర్లేదు.

నేను చివరికి ఎలా తేలుస్తాను

ఇవన్నీ రాసుకున్నాక ఒక్క మాట అడుగుతాను: ఈ రెండింట్లో ఏది ఆగగలదు? చమురు కోట్ల ఏళ్లుగా అక్కడే ఉంది, ఇంకో ముప్పై ఏళ్లు ఉన్నా చెడిపోదు, అప్పటికి నిజంగా అవసరమైతే ఇంకా మంచి పద్ధతితో తీసుకోవచ్చు. ఈనే చోటు, గుడ్లు పెట్టే ఇసుక, చేపపిల్లలు పెరిగే మడ ఒకసారి పోతే మనం తెచ్చిపెట్టలేం. కాబట్టి ఆ చోటు చేసే పనికి మరో చోటు లేదని తేలితే నా జవాబు వద్దు అనే, అంకె ఎంత పెద్దదైనా. మరో చోటు ఉంటే, బయట నుంచి ఏటవాలుగా తీయగలిగితే, నెలలు మార్చి ఈనే కాలంలో పని ఆపగలిగితే, విపత్తు ప్లాన్ నిజమైనదైతే, నేను షరతులతో ఒప్పుకుంటాను. మా కోనసీమ పొలాల మధ్య ఉన్న బావులన్నీ మూసేయమని నేనెప్పుడూ అనలేదు. "నువ్వు బండి నడపట్లేదా" అని అడుగుతారు మిమ్మల్ని. నడుపుతున్నానని చెప్పండి. బండి నడిపేవాళ్లకి ఏ చోట తవ్వాలో చెప్పే హక్కు పోదు.

కాగితాల పని

ఇది కాస్త విసుగు, కానీ ఫలితం ఇక్కడే ఉంటుంది. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో ప్రతిపాదనలు, పర్యావరణ ప్రభావ నివేదికలు ఉంటాయి. నివేదిక తెరిచి ముందు సర్వే ఏ నెలల్లో చేశారో చూడండి. చాలా నివేదికలకి ఒక్క సీజన్ వివరాలే సరిపోతాయి, అదీ వానాకాలం కాకుండా. మే నెలలో చెన్నై తీరంలో సర్వే చేస్తే తాబేలు గూడు దాదాపు కనిపించదు, ఆగస్టులో పులికాట్ వెళ్తే ఫ్లెమింగోల గుంపులు దొరకవు. "గుర్తించదగిన వన్యప్రాణులు లేవు" అన్న వాక్యం పక్కన ఆ నెల పేరు రాసి పెట్టుకోండి, మీ అభ్యంతరంలో సగం అయిపోయినట్టే. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది, ఆ సంగతీ రాయండి.

తర్వాత, అదే కంపెనీ వేరే చోట నడుపుతున్న బావుల ఆరునెలల నివేదికలు వెతకండి. అనుమతి వచ్చాక ఏటా జూన్ 1, డిసెంబరు 1 నాటికి షరతులు ఎలా పాటించారో ఇవ్వాలి. అక్కడ ఎలా చేశారో అదే ఇక్కడా చేస్తారు. దొరక్కపోతే పది రూపాయల ఆర్టీఐ వేయండి.

ఒక విషయం చాలామందికి తెలీదు. 2020 జనవరిలో నోటిఫికేషన్ మార్చి, చమురు అన్వేషణ బావుల్ని బీ2 అనే వర్గంలోకి దించారు, అంటే వాటికి ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. ఉత్పత్తి దశకి మాత్రం ఉంటుంది. కాబట్టి "ఇంకా అన్వేషణే కదా, తర్వాత చూద్దాం" అని ఊరుకోవద్దు. ఆ దశలో సభ లేకపోయినా రాష్ట్ర స్థాయి అథారిటీకి ఉత్తరం రాయొచ్చు. దగ్గర్లో పార్కో అభయారణ్యమో ఉంటే జాతీయ వన్యప్రాణి బోర్డు స్థాయీ సంఘం ముందుకి కూడా ఫైలు వెళ్లాల్సి రావచ్చు, అక్కడికీ రాయండి. అనుమతి వచ్చేసిందని తెలిస్తే 30 రోజుల్లో హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లాలి, సరైన కారణముంటే ఇంకో 60 రోజులు ఇస్తారు. దక్షిణాది బెంచ్ ఇక్కడే, చేపాక్ కలస్ మహల్‌లో. ఆంధ్రా, తెలంగాణ కేసులు కూడా దానికిందకే వస్తాయి, మనం చెన్నైలో ఉండటం మన ఊళ్లవాళ్లకి పనికొచ్చే సందర్భం ఇది.

సభ ఉంటే తప్పకుండా వెళ్లండి. ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సారాంశం స్థానిక భాషలో ఉండాలి, కలెక్టరో ఆయన తరఫు అధికారో కూర్చుంటారు, మొత్తం వీడియో తీస్తారు. జనం తక్కువొచ్చారని సభ ఆపరు, అందుకే మీరు వెళ్లకపోతే అది మీరు లేకుండానే జరిగిపోతుంది. మా బంధువుల ఊరి సభకి నేను ఒకసారి వెళ్లాను. గంటసేపు నినాదాలు, తోపులాట, మైకు లాక్కోవడం. ఆ గోలలో ఒక పెద్దాయన లేచి, "అయ్యా, కాలవ మీద తూము ఇక్కడుందని మీ మ్యాపులో లేదు, ఆ తూము గుండా మా చెరువులోకి నీళ్లొస్తాయి, మీ బురద గుంట తూముకి పైన ఉంది" అని వేలితో మ్యాపు మీద చూపించాడు. హాల్లో అందరూ నిశ్శబ్దమయ్యారు. అంతసేపట్లో అధికారి పెన్ను కదిలింది అప్పుడే. కాబట్టి రెండు నిమిషాలు చాలు, ఒక చోటు, ఒక నెల, ఒక ప్రాణి లేదా ఒక తూము, వేలు పెట్టి చూపించండి, చెప్పిందే కాగితం మీద రాసి ఇచ్చి అందినట్టు స్టాంపు వేయించుకోండి.

సభ అయిపోగానే లేచి రావద్దు. చివర్లో వచ్చిన అభ్యంతరాలన్నీ అక్కడి భాషలో చదివి వినిపించాలి, అది రూల్. అప్పటికి టీలు తాగేసి జనం సగం పోయి ఉంటారు. ఆ రోజు చదివిన దాంట్లో తూము మాట లేదు. పెద్దాయన వెళ్లిపోయాడు, ఆయన మనవడు లేచి అడిగితే చేర్చారు.